రవాణా శాఖ మంత్రి గారికి: పొల్యూషన్ టెస్టు దగ్గర ఇంకొక్క ఫోటో తీయించండి

ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ మంత్రి గారికి,



మా విశాఖపట్నంలో పాత ఎస్‌యూవీ కొనుక్కునే కుటుంబాల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను. కొత్తది కొనే స్తోమత లేక, చిన్న కారులో ఇంటిల్లిపాదీ పట్టక, ఆరేడు లక్షలు కూడబెట్టో అప్పుచేసో ఏడు సీట్ల డీజిల్ బండి కొనుక్కునేవాళ్లు మా వైపు చాలామంది. పెద్దవాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా, సింహాచలం కొండెక్కాలన్నా, పెళ్లికి శ్రీకాకుళం పోవాలన్నా ఆ బండే దిక్కు. కొని ఏడాది తిరక్కుండానే క్లచ్ పోయిందనో, టర్బో పోయిందనో, ఇంజిన్ దించాలనో మెకానిక్ చెబుతాడు. లక్ష, లక్షన్నర అంటాడు. ఆ డబ్బు పిల్లల కాలేజీ ఫీజులోంచే రావాలి.

పాత యంత్రం అన్నాక పాడవుతుంది. దానికి ప్రభుత్వాన్ని అడిగేదేమీ లేదు. నా బాధ అది కాదండీ. ఎంత పాడైందో కొనేవాడికి ముందుగా తెలిసే దారి లేదు. ఓనర్‌షిప్ మార్చుకునేటప్పుడు ఫారం 29, ఫారం 30 నింపుతాం. ఛాసిస్ నంబరు రాస్తాం, ఇంజిన్ నంబరు రాస్తాం, ఇన్సూరెన్స్ కాగితం, పొల్యూషన్ కాగితం, ఫైనాన్స్ తీరిన కాగితం అన్నీ పెడతాం. ఆ రోజుకి బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసే గడి మాత్రం ఆ ఫారాల్లో లేదు. పాత బండికి ధర కట్టేదే ఆ అంకెను చూసి. ఆ అంకెనే ఒక ల్యాప్‌టాప్, ఒక కేబులు పెట్టుకుని మార్చేస్తున్నారు. మీటరు తిప్పడం అంటారు మా ఆటోనగర్‌లో. వెనకటికి డ్రిల్లు పెట్టి తిప్పేవాళ్లు, ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌తో తిప్పుతున్నారు, అంతే తేడా.

నేను స్టీల్ ప్లాంటులో మెయింటెనెన్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ప్లాంటును 1992 ఆగస్టు 1న జాతికి అంకితం చేసిన నాటికి కుర్రవాణ్ణి. మా మిల్లులో గేర్‌బాక్సు దించాల్సి వస్తే ముందు దాని హిస్టరీ కార్డు తీసేవాళ్లం. ఎప్పుడు బిగించారు, ఏ బేరింగు ఎప్పుడు మార్చారు, ఏ ఆయిల్ పోశారు, కిందటిసారి ఎందుకు మొరాయించింది, అన్నీ అందులో ఉండాలి. కార్డు లేని యంత్రాన్ని లైనులోకి ఎక్కించడానికి మా ఫోర్‌మన్లు ఒప్పుకునేవారు కాదు. 1933లో మొదలైన పోర్టులో క్రేన్లు నడిపే మిత్రులూ ఇదే చెబుతారు. యంత్రాల బాగోగులు తేదీలతో సహా రాసిపెట్టుకోవడం మీద బతికిన ఊరు మాది. అలాంటి ఊళ్లోనే మనుషులు, ఇల్లు తర్వాత అంత డబ్బూ పోసి కొనే యంత్రాన్ని అమ్మేవాడి నోటిమాట మీద ఇంటికి తెచ్చుకుంటున్నారు.

మా ఊరి పాత బండ్ల బజారు సంగతి కొంచెం చెప్పాలి. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు కాబట్టి నేవీ ఉద్యోగులు బదిలీ మీద వస్తారు, పోతారు. పోయేటప్పుడు బండి అమ్మేస్తారు. అవి సాధారణంగా శుభ్రంగా ఉంటాయి, అడిగితే సర్వీసు బిల్లులు కూడా చూపిస్తారు. రిటైరైన ఉక్కు ఉద్యోగుల బండ్లూ అంతే. చిక్కంతా చేతులు మారి మారి వచ్చేవాటితో. గాజువాక, ఎన్ఏడీ, మద్దిలపాలెం వైపు పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీల ముందు నిలబెట్టిన బండ్లలో హైదరాబాద్‌వి ఉంటాయి, ఒడిశావి ఉంటాయి, ఢిల్లీవీ ఉంటాయి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పింది, సుప్రీంకోర్టు 2018లో దాన్ని సమర్థించింది. అక్కడ తిరగనివ్వని బండ్లు ఎన్‌ఓసీ తీసుకుని చవగ్గా ఇతర రాష్ట్రాలకు చేరాయి. ఇక్కడికి వచ్చి రీ-రిజిస్ట్రేషన్ అయ్యాక వాటికీ మన నంబరే వస్తుంది. ఒకప్పుడు ఏపీ31 అని కనిపిస్తే మన విశాఖ బండి అని తెలిసేది. 2019లో ఏపీ39తో రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్ కావడంతో ఏ జిల్లాదో కూడా పలక చూసి చెప్పలేం. ఒకే సిరీస్ పెట్టడంలో మీ శాఖకు సౌకర్యం ఉంది, కాదనను. దాంతో కొనేవాడికి ఉన్న ఒక చిన్న ఆనవాలు మాత్రం పోయింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు మునిగిన బండ్ల పరిస్థితీ అంతే. ఉతికి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి అమ్మితే, ఇంజిన్‌లోకీ గేర్‌బాక్స్‌లోకీ నీళ్లు పోయాయని ఏ కాగితం చెబుతుంది?

ఇక అసలు రోగాల దగ్గరికి వస్తాను. మీ అధికారులకు ఇవి తెలియవని కాదు. వీటి ఖరీదు కుటుంబం మీద ఎలా పడుతుందో మీ దృష్టికి తేవాలని రాస్తున్నాను. నేను చెప్పే రేట్లు మోడల్‌ని బట్టి, గ్యారేజీని బట్టి మారతాయి. కంపెనీ వర్క్‌షాపులో ఒకటి, ఆటోనగర్‌లో ఒకటి.

మా వీధిలో ఒక తమ్ముడు, ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజరు, ఏడు సీట్ల డీజిల్ బండి కొన్నాడు. సింగిల్ ఓనర్, షోరూమ్ సర్వీసు, డెబ్బై ఒక్క వేల కిలోమీటర్లు అని చెప్పి అమ్మారు. మీటరులోనూ అంతే ఉంది. కొన్న కొత్తలోనే రివర్స్ వేస్తే బండి వణికేది, ఇంజిన్ ఆపేటప్పుడు కింద నుంచి టకటకమని చప్పుడు. చలికాలంలో అరకు వెళ్తూ అనంతగిరి ఘాట్‌లో క్లచ్ పూర్తిగా జారిపోయింది. ఇంజిన్ రేజ్ అవుతోంది గానీ బండి కదల్లేదు. ట్రక్కు మీద గాజువాక ఆటోనగర్ తెచ్చారు, నన్ను రమ్మన్నారు. గేర్‌బాక్సు దించారు. మెకానిక్ కుర్రాడు ఫ్లైవీల్‌ను బల్ల మీద పెట్టి రెండు చేతులతో పట్టుకుని మెలితిప్పి చూపించాడు. ఇలాంటి బండ్లలో ఫ్లైవీల్ ఒకే ముక్కగా ఉండదు. రెండు పలకలు, మధ్యలో స్ప్రింగులు. డీజిల్ ఇంజిన్ కుదుపును ఆ స్ప్రింగులు మింగుతాయి. బాగున్నదైతే కొంచెం తిరిగి, చేయి వదలగానే వెనక్కి లాగుతుంది. ఇది మాత్రం పట్టులేకుండా అటూ ఇటూ తిరిగింది, అంచుల్లోంచి తుప్పు రంగు పొడి రాలింది. డెబ్బై వేల కిలోమీటర్లకే ఇలా అవదు అంకుల్ అన్నాడు. అని స్కానరు పెట్టాడు. మీటరులో 71 వేలు. ఇంజిన్ కంప్యూటర్‌లో నిలిచి ఉన్న అంకె లక్షా అరవై మూడు వేలు.

ఆ తమ్ముడు స్కానరు తెర మీద అంకెను చాలాసేపు చూశాడు. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే, మేం కొన్నప్పుడే అలా ఉందండీ, మాకేం తెలుసు అన్నారు. నిజంగానే వాళ్లకు తెలియదేమో కూడా. బండి మూడు చేతులు మారింది, ఎవరి చేతిలో మీటరు తిరిగిందో తేల్చే రికార్డు ఎక్కడా లేదు. నేను అడిగేది ఆ రికార్డు గురించే.

క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మాత్రమే అయితే పదిహేను, ఇరవై వేలలో తేలిపోతుంది. ఈ రెండు పలకల ఫ్లైవీల్ కూడా పోతే నలభై వేల నుంచి డెబ్బై వేల దాకా వెళ్తుంది. ఎన్ఏడీ దగ్గర, పాత గాజువాక దగ్గర ట్రాఫిక్‌లో పాదం క్లచ్ మీదే ఉంచి నెట్టుకొచ్చే బండి, ఆపైన ఏడుగురితో ఘాట్ ఎక్కే బండి, దానికి ఇది తప్పదు. ఎప్పుడు అన్నదే తేడా. ఆ ఎప్పుడు అన్నది కిలోమీటర్ల లెక్క తెలిస్తే అంచనా వేయవచ్చు, బేరంలో ఆ డబ్బు తగ్గించి అడగవచ్చు.

టర్బో ఇంకో పెద్ద ఖర్చు. ఆయిల్ గడువుకి మార్చకపోతే టర్బో షాఫ్టు బేరింగులు ముందు అరుగుతాయి. ఘాట్ ఎక్కి వచ్చి, ఎర్రగా కాలిన టర్బోతో ఇంజిన్‌ను ఠక్కున ఆపేస్తే లోపలి ఆయిల్ మాడి బొగ్గవుతుంది. మొదట ఈల వినిపిస్తుంది, తర్వాత పికప్ పోతుంది, ఆ తర్వాత సైలెన్సర్‌లోంచి నీలం పొగ. లోపలి భాగం మార్చి బాగుచేయిస్తే పదిహేను, పాతిక వేలు. కొత్తది వేయిస్తే నలభై వేల నుంచి లక్ష దాకా. ఇంజెక్టర్లు నాలుగు. ఒక్కోటి కొత్తది పన్నెండు వేలు మొదలుకొని ఇరవై అయిదు వేల దాకా ఉంది. డీజిల్‌లో నీళ్లు, మడ్డి ఉంటే నాలుగూ ఒకేసారి మొండికేస్తాయి. పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్ అంటూ బ్యాటరీ మార్చి, సెల్ఫ్ మోటారు మార్చి, చివరికి ఇంజెక్టర్లు అని తెలుసుకున్న ఇళ్లు నాకు తెలుసు.

ఇంజిన్ బోరుకి వచ్చిందా లేదా తెలుసుకోవడానికి మా మెకానిక్కులకు పాత పద్ధతి ఒకటి ఉంది. ఇంజిన్ బాగా వేడెక్కాక, నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి అక్కడే బోర్లా పెడతారు. మూత కదలకుండా ఉంటే మంచిదే. ఎగిరెగిరి పడుతూ, కింద నుంచి పొగ బుసలు కొడుతుంటే బ్యాక్ కంప్రెషన్ వచ్చేసిందన్నమాట. పిస్టన్ రింగులు అరిగి, మండిన వాయువు కిందికి దిగి ఆయిల్ గదిలోకి వస్తోంది. అలాంటి ఇంజిన్ ఓవర్‌హాల్ చేయాలంటే ఎనభై వేలకు తక్కువ ఎవరూ ముట్టుకోరు, రెండు లక్షలు దాటేవీ ఉన్నాయి. రెండు నిమిషాల పరీక్ష ఇది. కొనడానికి వచ్చినవాడు మూత విప్పుతానంటే కొందరు కన్సల్టెన్సీ వాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకోని చోట కొనవద్దని నేను అందరికీ చెబుతాను.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 అనే పొగ ప్రమాణం వచ్చింది. గాలి బాగుపడాలంటే రావలసిందే. బొగ్గు ధూళి పీల్చే పోర్టు పక్క జనంగా మాకు ఆ విలువ బాగా తెలుసు. దానితో డీజిల్ బండ్ల సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ చేరింది. మసిని పట్టి ఉంచుతుంది. నిండాక దాన్ని తనే కాల్చుకోవాలి. అందుకు పొగ వేడి దాదాపు 600 డిగ్రీలకు చేరాలి, హైవే మీద పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా నడవాలి. ఉక్కునగరం క్వార్టర్స్ నుంచి ప్లాంటు గేటుకి, మల్కాపురం నుంచి సింధియాకి కొద్ది కిలోమీటర్లే తిరిగే బండికి ఆ వేడి ఎక్కడ పుడుతుంది? కాల్చడం మొదలయ్యేసరికి ఇల్లు వస్తుంది, ఇంజిన్ ఆపేస్తారు. సగం కాలని డీజిల్ ఆయిల్‌లో కలుస్తుంది, డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది. ఆయిల్ పలచబడితే టర్బో, బేరింగులు అన్నిటికీ చేటే. డీపీఎఫ్ మార్చాలంటే లక్షకు అటూ ఇటూ. ఆ ఖర్చు భరించలేక దాన్ని కోసి, లోపలిది తీసేసి, ఖాళీ డబ్బా వెల్డింగ్ చేసే చోట్లు ఉన్నాయి. అది చట్టానికీ మా ఊపిరితిత్తులకూ ద్రోహం. అలా తీసేసిన బండిని మంచిదని నమ్మి కొన్నవాడు, అసలు ఫిల్టర్ ఉందో లేదో తెలియకుండానే తప్పు చేసినవాడవుతున్నాడు.

కూలింగ్ గురించి ఒక్క మాట. మా వైపు రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే అలవాటు ఇంకా పోలేదు. ఉప్పుగాలి బయటి నుంచి, ఉప్పునీళ్లు లోపలి నుంచి తింటే ఎంతకాలం ఆగుతుంది? కూలెంట్ డబ్బా మూత తీస్తే తుప్పు రంగు నీళ్లు కనిపించిన బండిని ఘాట్ ఎక్కించవద్దు. హెడ్ గాస్కెట్ పోతే పాతిక వేలతో మొదలవుతుంది. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే బండ్లలో ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లు, వెనక డిఫరెన్షియల్ అదనం. కుటుంబానికి ఆ సౌకర్యం అవసరం లేకపోతే లేని బండే మేలు.

ఆటోమేటిక్ గేర్లంటే ఇప్పుడు అందరికీ మోజు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు వరమే. పాతది కొనేటప్పుడు మాత్రం ఏ రకం ఆటోమేటిక్ అన్నది చూడాలి. రెండు క్లచ్‌ల డ్రై రకాలు ట్రాఫిక్‌లో వేడెక్కి ఇబ్బంది పెట్టిన చరిత్ర ప్రపంచమంతా ఉంది. ఫోర్డ్ పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్సు ఫిర్యాదులను సరిగా పట్టించుకోలేదని ఆస్ట్రేలియాలో 2018లో ఆ కంపెనీకి కోటి డాలర్ల జరిమానా పడింది. అందులో మన రోడ్ల మీదా తిరిగే ఎకోస్పోర్ట్ కూడా ఉంది. ఆ కంపెనీ 2021 సెప్టెంబర్ 9న భారత్‌లో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. అంతకుముందు 2017తో షెవ్రోలే అమ్మకాలు ఆగిపోయాయి. అలాంటి బండ్లు చవగ్గా దొరుకుతాయి, విడిభాగం ఒకటి కావాల్సి వచ్చినప్పుడు ఆ చవక అంతా తీరిపోతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్సు కంప్యూటర్ భాగం పోతే లక్షతో మొదలు. అప్పుడు బండి విలువలో పెద్ద వంతు ఒక్క రిపేరుకే పోతుంది.

టైమింగ్ బెల్టు సంగతి కూడా. 2012లో వచ్చిన రెనో డస్టర్ డీజిల్‌కు బెల్టు ఉంటుంది. కంపెనీ చెప్పిన గడువుకి మార్చాలి. మార్చకుండా తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, ఇంజిన్ పని దాదాపు అయిపోయినట్టే. గడువు కిలోమీటర్లలో ఉంటుంది. మీటరు తిప్పిన బండిలో ఆ గడువు ఎప్పుడు దాటిందో ఎవరికి తెలుసు? కొన్నవాడు ఇంకా నలభై వేలు టైముందని లెక్కవేసుకుని హైవే మీద నూరు స్పీడులో పిల్లల్ని తీసుకుపోతుంటాడు. మీటరు తిప్పడం డబ్బు మోసం ఒక్కటే కాదండీ, ప్రాణాలకు సంబంధించింది. ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్నాను.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. మోసం అని భారతీయ న్యాయ సంహిత 318 కింద కేసు పెట్టవచ్చు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చు. ధర అయిదు లక్షలు దాటకపోతే అక్కడ ఫీజు కూడా లేదు, 1915కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. అయితే ఎక్కడికి వెళ్లినా మొదటి ప్రశ్న, రుజువు ఏదీ? పాత అంకె ఎక్కడా రాసి లేనప్పుడు రుజువు ఎక్కడి నుంచి తేవాలి? కంపెనీ లోపమైతే రీకాల్ ఉంది కదా అంటారు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 110ఏ సెక్షన్ కింద 2021 ఏప్రిల్ నుంచి రీకాల్ నిబంధనలు అమల్లో ఉన్నాయి. అవి ఏడేళ్లలోపు బండ్లకే. మా జనం కొనేవి చాలావరకు ఆ వయసు దాటినవే.

కేంద్రం 2022 డిసెంబర్‌లో పాత బండ్ల డీలర్ల కోసం నిబంధనలు తెచ్చింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. డీలరు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలి. బండి తన చేతికి వచ్చిన సంగతి ఫారం 29సీలో తెలియజేయాలి. బండిని ఎందుకు, ఎవరు, ఎంతదూరం నడిపారో ఎలక్ట్రానిక్ ట్రిప్ రిజిస్టర్‌లో రాయాలి. చూడండి సార్, టెస్ట్ డ్రైవ్‌కి తిప్పిన కిలోమీటర్లు కూడా రాయమంటున్న నిబంధన అది. గాజువాక నుంచి మధురవాడ దాకా బోర్డు పెట్టుకున్న కన్సల్టెన్సీల్లో ఎన్నింటి గోడ మీద ఆ ఆథరైజేషన్ సర్టిఫికెట్ వేలాడుతోందో మీ అధికారుల చేత ఒకసారి చూపించండి. కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్నదాన్ని నడిపిస్తే చాలు. నిజాయితీగా వ్యాపారం చేసే డీలర్లకు కూడా అదే కావాలి. పక్కవాడు మీటరు తిప్పి తక్కువకి అమ్ముతుంటే వాళ్ల మంచి బండి అమ్ముడుపోవడం లేదు.

ఇప్పుడు నా అసలు విన్నపం. డీజిలైనా పెట్రోలైనా ప్రతి బండీ పొల్యూషన్ టెస్టుకి వెళ్లాలి, బీఎస్4, బీఎస్6 బండ్లు ఏడాదికి ఒకసారి. టెస్టు చేసే కుర్రాడు నంబరు ప్లేటు ఫోటో తీసి ఆన్‌లైన్‌లో ఎక్కిస్తాడు, అది సర్టిఫికెట్ మీద వస్తుంది. అదే కుర్రాడి చేత, అదే కెమెరాతో, మీటరు ఫోటో కూడా ఒకటి తీయించండి. అంకెను కొట్టించండి. అర నిమిషం పని. ఏటేటా ఆ అంకె పెరుగుతూ పోవాలి. ఒక ఏడాది తగ్గిందంటే మీటరు ఎప్పుడు తిప్పారో, అప్పుడు ఓనరు ఎవరో మీ రికార్డే చెబుతుంది. మీటరు నిజంగా పాడై మార్చినవాళ్లు ఉంటారు. వాళ్లు బిల్లు చూపించి నమోదు చేయించుకునే వీలు పెట్టండి. ఓనర్‌షిప్ మార్పిడి రోజు కూడా ఆ అంకె తీసుకోండి. కొనేవాడు బండి నంబరు కొట్టి ఆ వరుస మొత్తాన్ని ఫోన్‌లో చూసుకోగలగాలి.

ఇది ఎక్కడా లేని కోరిక కాదు. బెల్జియంలో 2006 నుంచి కార్‌పాస్ అనే కాగితం లేకుండా పాత కారు అమ్మడానికి లేదు, గ్యారేజీలో పని జరిగిన ప్రతిసారీ కిలోమీటర్లు అందులో చేరతాయి. బ్రిటన్‌లో ఏటా జరిగే ఎంఓటీ పరీక్షలో మీటరు రీడింగు రాస్తారు, ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. అమెరికాలో 1972లోనే మీటరు తిప్పడాన్ని నేరం చేశారు, అమ్మేటప్పుడు రీడింగు సంతకంతో రాసివ్వాలి. పొల్యూషన్ సెంటర్లు వీధివీధినా ఉన్న మనకు ఇది వాళ్లకంటే తేలిక.

కేంద్రంతో మాట్లాడే సందర్భం వచ్చినప్పుడు ఇంకొకటి కూడా అడగండి. స్కానరు, విడిభాగాలు, సర్వీసు సమాచారం బయటి మెకానిక్కులకు అందకుండా చేస్తున్నారని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. 2022 డిసెంబర్‌లో వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, అందులో వాహనాలూ ఉన్నాయి. అయినా మా ఆటోనగర్‌లో ఇప్పటికీ, భాగం చేతిలో ఉండి కూడా, దాన్ని బండి కంప్యూటర్‌కి కలిపే కోడ్ లేక బండిని మళ్లీ కంపెనీ వర్క్‌షాపుకే తోలాల్సి వస్తోంది. అక్కడ ఒక చిన్న సెన్సార్‌కు బదులు మొత్తం అసెంబ్లీ మార్చాలంటారు. 2025 సెప్టెంబర్‌లో విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, సంతోషం. మార్చనక్కర్లేని భాగాన్ని మార్పిస్తే ఆ తగ్గింపు ఎవరికి మిగులుతుంది?

కంచరపాలెం ఐటీఐలో చదివి బయటికొచ్చే పిల్లలున్నారు. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా చేతులు నల్లబరుచుకున్న మేస్త్రీలున్నారు. వీళ్లను కలిపి, రవాణా శాఖ గుర్తింపుతో, కొనబోయే బండిని చూసి కాగితం రాసిచ్చే కేంద్రం ఒకటి విశాఖలో పెట్టించండి. ఫిట్‌నెస్ పరీక్షలో బ్రేకు, లైట్లు, పొగ చూస్తారు. క్లచ్ ఎంత మిగిలింది, టర్బోలో ఆట ఉందా, బ్యాక్ కంప్రెషన్ ఉందా, ఇంజెక్టర్లు ఎంత వెనక్కి వదులుతున్నాయి, డీపీఎఫ్ అసలు ఉందా అన్నవి ఆ కేంద్రంలో చూడాలి. రెండు వేలు ఫీజు పెట్టినా జనం సంతోషంగా ఇస్తారు, లక్ష తప్పుతుంది కాబట్టి.

ఆ తమ్ముడి బండికి ఫ్లైవీల్, క్లచ్ మార్చేసరికి అరవై రెండు వేలైంది. టర్బో కూడా ఈల వేస్తోంది, ఈ ఏడాదికి అలాగే నడుపుకోమన్నాడు మెకానిక్. నెలవారీ వాయిదా ఇంకా మూడేళ్లు కట్టాలి. అమ్మేసి వదిలించుకోమని కొందరు సలహా ఇచ్చారట. అసలు కిలోమీటర్లు చెబితే ఎవరూ కొనరు, చెప్పకుండా అమ్మడానికి తన మనసొప్పదు అన్నాడు.

విశాఖ జిల్లాలోనే ఆరు నెలలు ప్రయోగంగా మొదలుపెట్టండి. బండిలో ఏం చూడాలో, ఆ కాగితంలో ఏయే గడులు ఉండాలో రాసి నమూనా తయారుచేశాం. ఆటోనగర్ మెకానిక్కులు నలుగురు, మా మిల్లులో నాతో పనిచేసిన ఇద్దరు దాని మీద కూర్చున్నారు. మాధవధార రవాణా కార్యాలయానికి ఏ రోజు రమ్మన్నా ఆ నమూనా తీసుకుని వస్తాం. పొల్యూషన్ సెంటర్ల వాళ్లను కూడా పిలిపించండి, ఫోటో తీయడంలో వాళ్ల ఇబ్బందులేమిటో ఎదురుగానే తేల్చుకుందాం.

ఇట్లు,
స్టీల్ ప్లాంటు విశ్రాంత ఉద్యోగి,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం